చలికాలంలో సైకిల్: ఇంట్లో తొక్కాలా, ఘాట్ రోడ్డెక్కాలా?

మాది నర్సీపట్నం. డిసెంబర్, జనవరి వచ్చాయంటే లంబసింగి వెళ్లే బండ్లన్నీ మా ఊరి మీదుగానే పోతాయి. మొన్న మా మేనల్లుడు వచ్చి, "మావయ్యా, ఆదివారం తెల్లవారకముందే సైకిళ్ల మీద లంబసింగి పోతున్నాం. నువ్వేంటి, ఇంట్లో స్టాండుకి బిగించిన సైకిల్ తొక్కుతున్నావ్? చలంటే భయమా?" అన్నాడు. వాడికి చెప్పిందే ఈరోజు మీకూ చెప్తాను.

భయమే. కానీ చలికి కాదు, దిగడానికి.

కొన్నేళ్ల క్రితం ఒక జనవరిలో నేనూ అలాగే వెళ్లాను. ఎక్కేటప్పుడు ఒళ్లంతా చెమట. పైన టీ తాగి, ఆ తడి చొక్కాతోనే దిగడం మొదలుపెట్టాను. నాలుగైదు మలుపులయ్యేసరికి వేళ్లు మొద్దుబారిపోయాయి. మంచులోంచి ఒక ఆవు కనబడింది. బ్రేక్ నొక్కాలని తెలుసు, వేళ్లే మాట వినలేదు. పక్కనున్న మట్టిగట్టుకి గుద్దుకున్నాను. కాలర్ బోన్ విరిగింది. ట్రైనర్ మా ఇంటికొచ్చింది ఆ తర్వాతే.

అసలు ఏం జరిగిందో చూడండి. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. మామూలుగా 1000 మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. దానికితోడు మబ్బు లేని రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, ఆ చల్లగాలి పల్లంలోకి దిగి నిలిచిపోతుంది. అందుకే అక్కడ సున్నా దగ్గరికి పడే రోజులుంటాయి. ఇక మన వేగం కూడా గాలే కదా. బయట 5 డిగ్రీలున్నప్పుడు గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, ఒంటికి తెలిసేది ఇంచుమించు సున్నా డిగ్రీల చలి. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, కష్టం ఎక్కువ, కాబట్టి వేడి పుడుతుంది. దిగేటప్పుడు అంతా తిరగబడుతుంది. గాలి ఎక్కువ, కష్టం లేదు, పైగా తడి బట్ట.

రెండోది మంచు. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. ముందు 20 మీటర్లే కనబడుతుంటే, ఎదురుగా ఏదైనా ఉన్నా మీ దగ్గర రెండు సెకన్లు కూడా లేవు. అందులో మెదడు గుర్తుపట్టడానికి కొంత, వేళ్లు కదలడానికి కొంత పోతుంది. ఎదురొచ్చే వాహనమైతే అంత టైం కూడా ఉండదు.

అలాగని ఇంట్లో తొక్కడంలో ఇబ్బంది లేదా అంటే, ఉంది. ఇక్కడ సమస్య చలి కాదు, వేడి. మనం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో, అంతకన్నా తక్కువో పెడల్‌కి చేరుతుంది. మిగతాదంతా వేడే. రోడ్డు మీద ఆ వేడిని గాలి తీసుకుపోతుంది. గదిలో గాలి ఉండదు కదా, ఇరవై నిమిషాలకే గుండె దడదడలాడుతుంది. మన ఓపిక తగ్గిందేమో అనుకుంటాం. జనవరిలోనైనా సరే, ఫ్యాన్ ఎదురుగా పెట్టుకోండి, నీళ్లు దగ్గర ఉంచుకోండి.

ట్రైనర్ మీద కాళ్లకి బలం, ఊపిరికి ఓపిక వస్తాయి. మధ్యలో సిగ్నల్ లేదు, గేదెలు లేవు, కాబట్టి 40 నిమిషాలు గట్టిగా పనవుతుంది. కానీ మలుపులో బండి ఎలా వంచాలో, రెండు బ్రేకులూ ఎంతెంత నొక్కాలో అది నేర్పదు. అవి రోడ్డు మీదే రావాలి.

ఇంకో మాట. ఆస్తమా ఉన్నవాళ్లకి చల్లటి పొడిగాలి ఊపిరితిత్తుల గొట్టాలను బిగించేస్తుంది. చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి బీపీ కూడా పెరుగుతుంది. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా తెల్లవారుజామున బయలుదేరొద్దు. భోగి రోజుల్లో అయితే మంటల పొగ కూడా ఆ చల్లగాలిలోనే నిలిచిపోతుంది. ఆ పూట ఇంట్లో తొక్కడమే నయం.

మరి నేనేం చేస్తున్నాను? పొద్దున్నే లేచి వీధి చివరి కరెంటు స్తంభం చూస్తాను. కనబడకపోతే ట్రైనర్. కనబడితే ఇంట్లో పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని బలిఘట్టం వైపు వెళ్లొస్తాను. ఘాట్ రోడ్డుకైతే ఎండ వచ్చి మంచు విడిపోయాకే. సంచిలో పొడి బనీను, వేళ్లన్నీ కప్పే గ్లవుజులు, ముందూ వెనకా లైట్లు. పైకెళ్లగానే తడి బట్ట మార్చేస్తాను. పొరపాటున ఏమీ లేకపోతే చొక్కా లోపల ఛాతీ మీద ఒక న్యూస్‌పేపర్ దోపుకోండి. పూర్వం టూర్ డి ఫ్రాన్స్‌లో కొండ దిగేవాళ్లూ అదే చేసేవాళ్లు. గాలిని బాగా ఆపుతుంది. దిగేటప్పుడు మధ్యమధ్యలో ఆగి వేళ్లు ముడిచి, చాచి చూసుకోండి. వేళ్లు సరిగా ముడుచుకోకపోతే, బ్రేక్ లేని సైకిల్ మీద ఉన్నట్టే లెక్క.

ఇదంతా విని మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే మావయ్యా, ఎనిమిదింటికి బయల్దేరదాం. నువ్వూ రా" అన్నాడు. ఈ ఆదివారం వాడితో వెళ్తున్నాను. మంచు ఉంటే ఆ ఎనిమిదిని తొమ్మిది చేస్తాం. కొండ ఎక్కడికీ పోదు కదండీ.

ఉంటాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.