తెరమీది అంగడి

వ్యాపారమునకు చాటింపు క్రొత్తది కాదు. సంతలో గాజులవాడు మలారమును విప్పి పరచుటయు, కుమ్మరి కుండమీద వ్రేలితో కొట్టి దాని మ్రోతను వినిపించుటయు చాటింపులే. అందు కుమ్మరి చేయు పనిలో నొక విశేషము గలదు. అతడు తన కుండను పొగడుట లేదు. దాని పరీక్షను కొనువాని చెవికే విడిచిపెట్టుచున్నాడు. నేడు యూట్యూబు, ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు మొదలగు వాని మూలమున సాగుచున్న వర్తకమును గూర్చి మేము వ్రాయబూనుట ఆ కుండ మ్రోతను మనసున నుంచుకొనియే. మా విద్యార్థులలో మగ్గముల యిండ్లనుండి వచ్చువారును, పచ్చళ్లు, పిండివంటలు చేసి యమ్ము తల్లులు గలవారును తక్కువ కాదు. ఆ యిండ్లలో సెల్‌ఫోను ఇప్పుడు త్రాసువలె, గజముబద్దవలె పనిముట్టయినది. అయినను దానిచే రాబడి పెరిగిన యిండ్లు కొన్ని యుండగా, పని చెడిన యిండ్లును కొన్ని గలవు. ఈ భేదమెట్లు కలుగుచున్నదో తెలిసికొనదగును.

ఎవరైనను తమ చలనచిత్రమును తామే ప్రపంచమునకు చూపగలుగుట యిటీవలి సంగతి. యూట్యూబు అమెరికాలో 2005 లో పుట్టినది. ఆ సంవత్సరము ఏప్రిలు 23 వ తేదీన అందు చేరిన మొదటి వీడియో నిడివి 19 సెకండ్లు మాత్రమే. దానిని స్థాపించిన మువ్వురిలో నొకరు జంతుప్రదర్శనశాలలో ఏనుగుల యెదుట నిలిచి, వాని తొండములను గూర్చి రెండు మాటలు చెప్పుటయే అందలి కథ. మన దేశమున 2016 తరువాత ఇంటర్నెట్టు వెల మిక్కిలి తగ్గుటచే ఈ సాధనము పల్లెలకు దిగినది.

దీనిని వ్యాపారమునకు వినియోగించినవారిలో అందరును ఉదాహరించునది అమెరికాలోని యూటా రాష్ట్రమున ఓరెమ్ పట్టణమునందలి బ్లెండ్‌టెక్ కంపెనీ కథ. వారు మన మిక్సీల వంటి యంత్రములను చేయుదురు. యంత్రము గట్టిదే గాని వెల హెచ్చు, పేరు తక్కువ. కంపెనీ యధిపతి టామ్ డిక్సన్ తన యంత్రముల బలమును పరీక్షించుటకు వానిలో కొయ్యముక్కలను వేసి తిప్పు నలవాటు గలవాడు. వ్యాపార ప్రచారమునకై క్రొత్తగా చేరిన జార్జి రైట్ అనునాతడు ఒకనాడు నేలమీద ఱంపపు పొట్టును చూచి, ఇది యెక్కడిదని విచారించి, ఈ సంగతి తెలిసికొనెను. కొలువులోనివారికి నిత్యకృత్యమై, ఎవరును గమనింపని ఆ పనిని లోకమునకు చూపవలయునని ఆతనికి తోచినది. 2006 లో సుమారు 50 డాలర్ల ఖర్చుతో మొదటి వీడియోలు తయారైనవి. డిక్సన్ తెల్లని కోటు తొడుగుకొని గాజుగోలీలను, తోటలో ఆకులు లాగు దంతె కర్రను మిక్సీలో వేసి పొడిచేసెను. "ఇది నలుగునా?" యనునదే వాని పేరు. వారము దినములలో ఆ వీడియోలను సుమారు 60 లక్షల మార్లు చూచిరి. మరుసటి సంవత్సరము అప్పుడే అంగడికి వచ్చిన ఐఫోనును సైతము నలుగగొట్టి చూపిరి. యింటి వాడుక యంత్రముల అమ్మకములు 700 శాతము పెరిగినవని తరువాత కంపెనీవారు చెప్పుకొనిరి.

ఈ కథను చెప్పువారు పలువురు, జనులను నవ్వించుటయే అందలి రహస్యమని తలంచుచున్నారు. మాకట్లు తోచదు. నవ్వించు వీడియోలు నాడును వేలకొలది గలవు. నేడు లక్షలకొలది గలవు. ఇచట నవ్వును పరీక్షయు ఒకటే యయినవి. గోలీలను నలిపిన యంత్రము పప్పును నలుపునా యని యెవరును అడుగ నక్కరలేదు. కుమ్మరి వ్రేలు చేసిన పనినే డిక్సన్ గోలీలు చేసినవి.

ఇదే దృష్టితో మన పోచంపల్లి చీరెను చూతము. ఆ నేతలో రంగు గుడ్డమీద అద్దబడదు. నేయక పూర్వమే నూలును బొమ్మ ననుసరించి అక్కడక్కడ సైకిలు ట్యూబు ముక్కలవంటి రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచెదరు. కట్టిన చోట రంగు పట్టదు. అట్టి పోగులను వరుస తప్పక నేసినప్పుడు బొమ్మ తేలును. కావున చీరెకు ముందువైపును వెనుకవైపును బొమ్మ ఒక్కతీరుగానే యుండును. అచ్చువేసిన నకలు గుడ్డలో సాధారణముగా వెనుకవైపు వెలవెలబోవును. నేతగాడు పది నిమిషములు ఉపన్యసించినను కలుగని నమ్మకము, చీరె చెంగును రెండు సెకండ్లు త్రిప్పి చూపినచో కలుగును. పట్టుపోగు నొకదానిని కాల్చి చూపుటయు నిట్టిదే: పట్టు కాలి, నలిపిన పొడియగు బూడిద యగును, పాలియెస్టరు కరగి గట్టిపూసగా మారును. వెండ్రుక కాలినట్టి ఆ వాసన మాత్రము ఫోనులో రాదు; అది కొన్న తరువాతనే.

ఇక ఆసు పోయుట గలదు. నూలును కట్టుటకు ముందు నడిమి మేకునుండి అర్ధచంద్రాకారముగా నున్న మేకులకు పోగును చేతితో త్రిప్పవలయును. ఒక్క చీరెకు చేయి సుమారు 9,000 మార్లు ఆడవలెను. ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశముగారు తమ తల్లి లక్ష్మిగారి భుజముల నొప్పిని చూడలేక, యేండ్ల తరబడి శ్రమించి, 1999 లో దీనికొక యంత్రమును సాధించి, ఆమె పేరనే లక్ష్మీ ఆసు యంత్రమని పిలిచిరి. 2017 లో వారికి పద్మశ్రీ లభించినది. ఈ ఆసు పనిని ఒక్క నిమిషము కన్నులార చూచినవాడు వెలను సగమునకు బేరమాడుటకు జంకును. నగరమునందలి దుకాణములో మడతపెట్టిన చీరె ఈ కథను చెప్పలేదు. నేతయింటిలోని ఫోను చెప్పగలదు. దళారి చేతిలోని లాభమున కొంత నేతగాని చేతికి వచ్చుటకు ఇంతకంటె సులభమగు త్రోవ మాకు కనబడలేదు.

అయితే గుంపు వచ్చినప్పుడు ఏమగును? 2012 మార్చిలో అమెరికాలో మైకేల్ డూబిన్ అను నాతడు క్షౌరపు బ్లేడులను నెలనెలయు తపాలలో పంపెదనని 4,500 డాలర్లతో నొక వీడియో తీసి విడిచెను. జనుల తాకిడికి వారి వెబ్‌సైటు కూలబడినది. రెండు దినములలో 12,000 మంది బ్లేడులు కోరిరి. బ్లేడులు ఫ్యాక్టరీలో తయారగును గనుక ఆతడు తట్టుకొనెను. 2016 లో యూనిలీవరు వారు ఆ కంపెనీని సుమారు 100 కోట్ల డాలర్లకు కొనిరి. చేతిమగ్గము ఫ్యాక్టరీ కాదు. ఆశపడి వందమంది వద్ద బయానా పుచ్చుకొని, తీర్చలేక, చివరకు మరమగ్గపు గుడ్డను పంపిన నేతగానికి మంచిపేరు తిరిగి రాదు. "ఈ నెలలో ఆరు చీరెలు గలవు, ఏడవది వచ్చే నెలలో" అని వ్రాయుట సిగ్గుపడవలసినది కాదు. అట్లు వ్రాసినవాని వద్ద జనులు వేచియుందురు కూడ.

తల్లిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్న వేరొకటి గలదు: వీడియోలవలననే ధనము వచ్చునట కదా యని. వచ్చును. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో 2012 లో ఆరంభమైన మై విలేజ్ షో వారును, అందు పొలముపనుల నుండి వచ్చి ఖ్యాతి గాంచిన గంగవ్వగారును మన కన్నులయెదుటనే యున్నారు. కాని అది వినోదమును అమ్ము వృత్తి. చీరెల నమ్మువాని వృత్తి కాదు. నిడివిగల వీడియోలమీద ప్రకటనల రాబడిలో వంతు కావలెనన్న యూట్యూబు వారికి 1,000 మంది చందాదారులును, పండ్రెండు నెలలలో 4,000 గంటల వీక్షణమును చూపవలెను. ఒక్కొక్కరు రెండేసి నిమిషములు చూచిరనుకొన్నను అది 1,20,000 మార్లు చూచుట యగును. ఆ పిమ్మట వచ్చు ప్రకటన సొమ్ములో 55 పాళ్లు తీసినవానికి, 45 పాళ్లు యూట్యూబు వారికి. నేతగానికి ఆ లక్షమందితో పనియేమి? సంవత్సరమునకు ఇరువదిమంది మరల మరల కొనువారు దొరకినచో ఆతని మగ్గము ఆగదు. లెక్కలు నేర్చిన పిల్లలు ఈ రెండు లెక్కలను ఇంట వేసి చూపవలెనని మా కోరిక.

మరియు ఈ అంగడి నేల మనది కాదు. 2020 జూన్ 29 వ తేదీన భారత ప్రభుత్వము టిక్‌టాక్ మొదలగు 59 యాప్‌లను నిషేధించినది. కారణములు దేశరక్షణకు సంబంధించినవి. వానిని ఇచట చర్చింపము. కాని రెండేండ్లు మూడేండ్లు పాటుపడి లక్షలమంది అనుచరులను కూర్చుకొన్న చిన్న వర్తకులకు, కళాకారులకు ఆ రాత్రితో ఆ చిట్టా అంతయు మాసిపోయినది. పిదప ఆ సంవత్సరముననే ఇన్‌స్టాగ్రాము రీల్సు, యూట్యూబు షార్ట్సు వచ్చినవి. వెళ్లినవారు మరల మొదటినుండి ఎక్కిరి. నిషేధమే కానక్కరలేదు, ఏ వీడియోను ఎవరికి చూపవలెనో నిర్ణయించు వారి లెక్కకట్టు పద్ధతి మారినను, నిన్న వేలమందికి కనబడినది నేడు పదిమందికి కనబడకపోవచ్చును. కావున కొన్నవారి పేరు, ఊరు, ఫోను నెంబరు, ఏమి కొనిరి, ఎప్పుడు కొనిరి యను వివరములను వారి సమ్మతితో సొంత పుస్తకమున వ్రాసికొని, భద్రముగా నుంచుకొనవలయును. రూపాయలు పెట్టి కొన్న నోటుపుస్తకము ఏ కంపెనీ మూసివేసినను మూతపడదు.

ఇంటనున్న చదువుకొన్న పిల్లలు చేయదగిన పని చాల గలదు. చీరెను పగటి వెలుతురున, ఎండ తగులని గుమ్మము కడ చూపవలెను. ప్రక్కనొక తెల్లకాగితము నుంచినచో రంగు తెలియును. నిడివి ఐదున్నర మీటర్లా, రవికెగుడ్డ కలిసియున్నదా, నూలా పట్టా, ఎట్లు ఉతుకవలెను అను వివరములు తెలుగునను ఇంగ్లీషునను వ్రాయవలెను. వెలను కూడ వ్రాయవలెను. వెల అడిగినవారికి "మెసేజి పెట్టుడు" అనెడి యాచారము ఇప్పుడు ప్రబలినది. మనిషినిబట్టి వెల చెప్పుదురేమోయను అనుమానమునకు అది తావిచ్చునని మా యభిప్రాయము. 2018 లో వచ్చిన వాట్సాపు బిజినెస్సులో వస్తువుల బొమ్మలను వెలలతో వరుసగా అమర్చు వీలు గలదు. దానికి రుసుము లేదు. పార్సెలు కట్టునప్పుడు చిన్న వీడియో తీసి యుంచినచో తరువాతి తగవులు తీరును. పచ్చళ్లు, పిండివంటలు అమ్మువారు ఇంటిలో చేసినను ఆహారభద్రతా సంస్థవారి రిజిస్ట్రేషనో లైసెన్సో పొంది, ఆ సంఖ్యను సీసా చీటీమీద వేయవలయును.

ఇతరుల సరుకును డబ్బు పుచ్చుకొనియో, ఉచితముగా వస్తువు పుచ్చుకొనియో పొగడువారు ఆ సంగతిని వీడియోలోనే స్పష్టముగా చెప్పవలయునని 2023 జనవరిలో ప్రభుత్వమువారు సూచనలు ప్రకటించిరి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద మోసపు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా పడవచ్చును. పొగిడినవారికిని ఇది వర్తించును.

కడపటిది అమ్మువానినే దోచు మోసము. కొనువానివలె మాటలాడి, "సొమ్ము పంపుచున్నాను, ఈ క్యూఆర్ కోడును స్కానుచేసి పిన్ను కొట్టుడు" అని ఒకడు పంపును. పిన్ను సొమ్ము చెల్లించుటకే గాని పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కరలేదు. కొట్టినంతనే మన ఖాతాలోని సొమ్ము వానికి పోవును. సొమ్ము పంపితినని చూపు బొమ్మను నమ్మరాదు; మన బ్యాంకు ఖాతాలో చేరినదో లేదో చూచుకొన్న పిమ్మటనే సరుకును కదల్పవలయును. మోసపోయినట్లు తెలిసినచో ఆ క్షణముననే 1930 అను నెంబరుకు ఫోనుచేసి చెప్పవలెను; సొమ్ము ఇంకను ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మారకమునుపే ఆపుటకు వీలుండును. ఈ నెంబరును మగ్గము గోడమీద బొగ్గుతోనైనను వ్రాసిపెట్టుడని మా విద్యార్థులకు చెప్పియున్నాము.