ఎముక మరల మొలచునా?

మన కర్నూలు, కడప సీమల యిండ్లలో నేలకు బేతంచర్ల బండలో, కడపరాళ్లో పరచుట వాడుక. అవి తడిసినచో కాలు నిలువదు. అత్తగారు జారిపడి ముంజేయి విరిగిన నాడు ఇరుగుపొరుగువారు మొదట పలుకు మాట పుత్తూరు కట్టు. తిరుపతి దాపుననున్న ఆ పుత్తూరులో ఆకుపసరును, కోడిగ్రుడ్డు తెల్లసొనను పూసి, వెదురుబద్దలతో కట్టు కట్టుట శతాబ్దమునకు పైబడిన విద్య.

కట్టు ఎముకను అతికింపదు, కదలకుండ పట్టియుంచును. అతుకుట ఎముక తనంతట తాను చేసికొను పని. విరిగినచోట నెత్తురు గడ్డకట్టును. అందు మెత్తని మృదులాస్థి పుట్టును. పిమ్మట సున్నపు పదార్థము చేరి గట్టి యెముక యగును.

అయితే రోగముచేతనో, ప్రమాదముచేతనో పెద్దతునక పోయినచో ఆ సందు దానంతట పూడదు. అప్పుడు వైద్యులు తుంటియెముకనుండి ముక్క తీసి యతుకుదురు. దానికై మరియొక గాయము చేయవలెను; దొరకునదియు కొంచెమే. కనుక శాస్త్రజ్ఞులు క్రొత్త యెముకనే పెంచ యత్నించుచున్నారు. చిక్కుడుతీగకు విత్తు, పదను, పందిరి కావలెను గదా! ఇచట రోగి మజ్జనుండి తీసిన జీవకణములు విత్తు. అవి యెముకగా మారునట్లు ప్రేరేపించు మాంసకృత్తులు పదను. సన్నని రంధ్రములుగల కాల్షియం ఫాస్ఫేటు అచ్చు పందిరి. అట్టి ప్రేరణశక్తి యెముకలోనే కలదని 1965లో మార్షల్ యూరిస్టు చూపెను. 2001లో ఇటలీ, రష్యా వైద్యులు ముగ్గురు రోగుల మజ్జకణములను పెంచి, అచ్చులపై నుంచి, కాలుసేతుల యెముకలలోని పెద్దసందులను పూడ్చిన విధమును ప్రకటించిరి.

ఇంకను తీరని చిక్కు మన మెరిగినదే: నీటికొరత. చేనికి నీరెట్లో యెముకకు నెత్తు రట్లు. అచ్చు పెద్దదైనచో, రక్తనాళములు నడిమికి చేరకమునుపే అచటి కణములు చచ్చును.

ఈ పాఠము మన యింటికిని వర్తించును గనుక మేము వేడుకొను దొక్కటే. ఎవ్వరు కట్టిన కట్టైనను, దాని క్రింద వ్రేళ్లు చల్లబడినను, నీలమెక్కినను, తిమ్మిరి పట్టినను, నొప్పి హెచ్చినను, గడువు తీరలేదని యూరకుండక, కట్టు సడలించి తత్క్షణము ఆసుపత్రికి గొనిపొండు. గాయమై యెముక పైకి కనబడినచో పసరు పూయక మొదటనే అచటికి పొండు. విరిగిన యెముక అతుకును. నెత్తురందక చచ్చిన చేయి తిరిగి రాదు.