చేపల తొట్టెలో ఉప్పు

గాజుతొట్టెలో బంగారు చేపలు పెంచుకునే సోదరీమణులు కొందరు నీళ్ళు మార్చినప్పుడల్లా చారెడు ఉప్పు వేస్తుంటారు. ఉప్పు మంచిదే. కాని అది మందు, రోజూ వేసే మేత కాదు.

మంచినీటి చేప రక్తంలో ఉప్పు బయటి నీటికన్నా ఎక్కువ. అందుచేత మొప్పల గుండా నీరు అదేపనిగా ఒంట్లోకి చొరబడుతుంటుంది. చేప దాన్ని మూత్రంగా తోడిపోస్తూనే ఉండాలి. జబ్బుపడ్డ చేపకు నీళ్ళలో కాస్త ఉప్పు కలిపితే ఆ చాకిరీ తగ్గుతుంది.

ఒంటిమీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయనుకోండి. లీటరుకు 2 గ్రాముల చొప్పున, అంటే 20 లీటర్ల తొట్టెకు 40 గ్రాముల కల్లుప్పు తూచి, విడిగా కరిగించి, రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పొయ్యండి. చుక్కలు రాలాయి కదా అని ఆపెయ్యకండి. చర్మం కింద దాగిన క్రిమికి ఉప్పు తగలదు. దాని పిల్లలు నీళ్ళలోకి వచ్చి ఈదేటప్పుడే చస్తాయి. రెండు వారాలు ఓపిక పట్టాలి.

నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన మేరకు ఉత్త నీళ్ళే పొయ్యండి. మీసాల చేపలు, నీటిమొక్కలు ఉప్పుకు తాళలేవు. అవి ఉన్న తొట్టెలో ఇంత మోతాదు వద్దు. జబ్బు నయమయ్యాక కొంత కొంతగా నీళ్ళు మారుస్తూ వస్తే ఉప్పు మెల్లగా విరిగిపోతుంది.