అరుగుదల తక్కువా? రసం తీసే పద్ధతి మార్చండి

ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా "జ్యూసులివ్వండి, తేలిగ్గా అరుగుతాయి" అని నలుగురూ చెబుతారు. మా అత్తగారికి జ్వరం తగ్గాక నేనూ అదే చేశాను. పరగడుపునే యాపిల్, పచ్చి క్యారెట్, పుచ్చకాయ కలిపి మిక్సీలో వేసి పెద్ద గ్లాసుడు ఇచ్చేదాన్ని. నాలుగు రోజులకే ఆవిడ "అమ్మాయీ, పొట్ట డోలులా ఉబ్బుతోంది, ఇక నావల్ల కాదు" అని గ్లాసు పక్కన పెట్టేశారు. అప్పటికే సగమై ఉన్న మనిషి అన్నం కూడా తగ్గించేసరికి నాకు భయమేసింది. పండ్ల ఎంపికా, కొలతా రెండూ తప్పేనని డాక్టరుగారు చెప్పాకగానీ తెలియలేదు.

ఏ పండ్లు?

యాపిల్, పుచ్చకాయ, మామిడి లాంటి వాటిల్లో ఉండే చక్కెర కొందరికి చిన్నపేగుల్లో సరిగా ఇంకదు. మిగిలింది పెద్దపేగులో పులిసి గ్యాసు పుడుతుంది. పండు తింటే ఒకటితో ఆపేస్తాం. గ్లాసుడు రసానికి రెండు మూడు పండ్లు పడతాయి కదా! ఇలాంటివాళ్ళకు బొప్పాయి, కమలా, బత్తాయి నయం. అయితే గుండెల్లో మంట ఉన్నవాళ్ళకు పుల్లనివి పడవు. పాలు పడనివాళ్ళకు మిల్క్‌షేకుల బదులు పల్చని మజ్జిగ ఇచ్చి చూడండి.

ఏది ఇచ్చినా మొదట అరగ్లాసు చాలు. అదీ గుటక గుటకగా తాగాలి. ఒకరోజు ఒకే పండు ఇస్తే ఏది పడలేదో తెలుస్తుంది. విరేచనాలవుతుంటే పల్చని గుడ్డలో వడకట్టండి. మలబద్ధకం ఉంటే పిప్పి తీయకండి.

ఉడికిస్తే మేలు

పచ్చి కూరల కన్నా ఉడికినవి పొట్టకు మెత్తగా ఉంటాయి. రెండు క్యారెట్లు, చిన్న తీపి గుమ్మడి ముక్క చెక్కు తీసి, గ్లాసున్నర నీళ్ళతో కుక్కర్లో మూడు కూతలు రానివ్వండి. చల్లారాకే మిక్సీలో వేయండి. వేడిమీద తిప్పితే ఆవిరికి మూత ఎగిరిపడుతుంది. ఉప్పు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి కలిపి గోరువెచ్చగా ఇవ్వండి.

సొరకాయతో జాగ్రత్త

సొరకాయ రసం చలవని చాలామంది పచ్చిగా తాగుతారు. 2010లో ఢిల్లీలో చేదెక్కిన సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు, రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూసి, చేదుంటే కాయను పారేయమని హెచ్చరించారు. ఉడికించినా ఆ విషం పోదు. వేరే రసాలు కలిపితే చేదు తెలియకుండా పోతుంది. తాగాక వాంతులు, కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టరునడగందే ఏ రసమూ ఇవ్వకండి. బరువు తగ్గిపోతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా జ్యూసులతో కాలయాపన చేయవద్దు.

ఇప్పుడు మా అత్తగారికి పొద్దున అరగ్లాసు బత్తాయి రసం, సాయంత్రం క్యారెట్ సూపు. మధ్యాహ్నం మాత్రం మామూలుగా అన్నమే. "కాస్త చారు వెయ్యి" అని ఆవిడే అడిగి మరీ తింటున్నారు. నాకు అంతకన్నా ఏం కావాలి!