ఆదివారం మందకాడికి

డాలస్‌లో కొడుకు దగ్గరికో, న్యూజెర్సీలో కూతురి దగ్గరికో ఆరు నెలలకని వెళ్లిన అమ్మానాన్నలను వారాంతాల్లో ఎక్కడికి తిప్పాలన్నది అక్కడి తెలుగిళ్లలో ఎప్పుడూ ఉండే చర్చే. గుడి అయిపోతుంది, నయాగరా అయిపోతుంది. తర్వాత వంతు అల్పాకా ఫారానిది. టికెట్టు కొని లోపలికెళితే గుప్పెడు మేత చేతిలో పెడతారు. పొడుగు మెడ, కళ్లమీద పడే జుట్టు, ఎప్పుడూ ఏదో కొత్త విషయం విన్నట్టుండే మొహం. మనవరాలికి పండగే. ఇబ్రహీంపట్నం నుంచి వెళ్లిన తాతయ్య మాత్రం మందను చూడటానికి పైసలు కట్టడమేమిటని లోలోపల లెక్కలేసుకుంటాడు.

ఆ లెక్క అంత తేలిగ్గా తేలదు.

అల్పాకా ఒంటె కుటుంబానికి చెందింది. ఆండీస్ కొండల్లో మూడున్నర వేల మీటర్లకు పైన చలిలో బతకడం దానికి అలవాటు. ప్రపంచంలోని అల్పాకాల్లో అధిక భాగం పెరూలోనే ఉన్నాయి. అడవి జంతువైన వికూన్యాను మనుషులు వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకోగా వచ్చిందే ఇది. పదకొండు నెలలకు పైగా మోసి, సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. చలి ముదిరే రాత్రి వేళ కాకుండా ఎక్కువగా పగలే ఈనుతుంది. మంద మొత్తం పేడ ఒకేచోట వేస్తుంది. కోపమొస్తే ఉమ్ముతుంది కానీ, ఆ ఉమ్ము ఎక్కువసార్లు పక్క అల్పాకా మీదే పడుతుంది. పై దవడకు ముందుపళ్లు ఉండవు కాబట్టి అరచేతిలో మేత పెట్టే పిల్లలకు భయం తక్కువ. మన గొర్రెకూ పై ముందుపళ్లు లేవు. సిటీ పిల్లలకు మాత్రం ఆ సంగతి అమెరికా వెళ్తేగాని తెలియడం లేదు!

ఈ ఫారాలు మొదట్నుంచీ విహార స్థలాలేమీ కావు. అమెరికాకు అల్పాకాల దిగుమతి 1984లో మొదలైంది. ఉన్ని కన్నా పిల్లల్ని అమ్ముకోవడంలోనే లాభమని జనం ఎగబడ్డారు. మేలుజాతి జంతువు ఒక్కోటి పదివేల డాలర్లు దాటి పలికింది. 2008 మాంద్యం తర్వాత ఆ ధరలు కుప్పకూలాయి. కొనేవాళ్లు లేక చేతిలో మంద మిగిలిన చాలామంది రైతులు గేట్లు తెరిచారు. చూడటానికి టికెట్టు, అల్పాకాతో నడకకు ఇంకో టికెట్టు, బయటికొచ్చేచోట నూలు, మేజోళ్లు అమ్మే కొట్టు. ఏటా సెప్టెంబరు చివరి వారాంతంలో దేశమంతా కలిసి ‘అల్పాకా ఫార్మ్ డేస్’ జరుపుతున్నారు. మాంద్యంలో మునిగిన మందలను ఒడ్డుకు లాగడంలో ఆదివారాలు వచ్చే కుటుంబాలదీ ఒక చెయ్యి.

మరి ఇబ్రహీంపట్నం సంగతి? సాగర్ రోడ్డు మీద హైదరాబాద్ నుంచి గంట ప్రయాణం. కుతుబ్‌షాహీల కాలంనాటి పెద్ద చెరువు, ఆదిభట్లలో విమాన విడిభాగాల కర్మాగారాలు, రోడ్డు పొడుగునా వెంచర్ల బోర్డులు. ఆ బోర్డుల వెనక, ప్లాట్ల హద్దురాళ్ల మధ్య గొర్రెలు మేస్తూ కనబడతాయి. యాచారం, మంచాల దాకా వెళితే మందలు ఇంకా పెద్దవి. అక్కడ టికెట్టు లేదు, గేటూ లేదు.

ఈ నేల అసలు గొర్రె దక్కనీ. పొట్టిది, ఎక్కువగా నల్లది, కరువుకు తట్టుకునేది, ఒంటినిండా ఉన్ని ఉన్నది. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. ఆడవాళ్లు దాన్ని రాట్నం మీద వడికితే, కురుమలు మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగడి చేస్తారు. వానలో అది గొడుగు, చలిలో దుప్పటి, చేను గట్టున పరుపు. బీరప్ప కొలుపుల్లో దాని స్థానం దానిది. గద్దర్ భుజాన అదే గొంగడి వేదికల మీదికెక్కి, తెలంగాణ పాటకే గుర్తుగా నిలిచింది.

ఇప్పుడు మందలోకి తొంగిచూస్తే నల్లవి తగ్గి, పొడుగు కాళ్ల నెల్లూరు జాతివి, వాటి సంకరాలు ఎక్కువ కనబడతాయి. వాటికి మాంసం ఎక్కువ, ఉన్ని ఉండదు. మార్కెట్ అడిగేది మాంసమే కాబట్టి కాపరిని తప్పుపట్టడానికి లేదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో కాపరులకు ఒక్కొక్కరికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. వాటిని పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చారు. 2019 పశుగణనలో తెలంగాణ కోటీ 90 లక్షలకు పైగా గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. గొర్రెలు అన్ని ఉన్న రాష్ట్రంలో గొంగడి నేసే మగ్గం మాత్రం వెతుక్కోవాల్సి వస్తోంది. నల్ల ఉన్ని కొనేవాళ్లు లేక చాలాచోట్ల కత్తిరించినచోటే పారేస్తున్నారు.

ఎవరికీ అక్కర్లేని ఉన్ని కథ ఇంగ్లండులోనూ ఒకటి ఉంది. 1830ల్లో లివర్‌పూల్ గోదాముల్లో ఎవరూ ముట్టని అల్పాకా ఉన్ని మూటలు టైటస్ సాల్ట్ అనే బ్రాడ్‌ఫర్డ్ మిల్లు యజమాని కంటబడ్డాయి. దాన్ని వడికే పద్ధతి కనిపెట్టి, మెరిసే బట్ట నేయించి, 1850ల నుంచి సాల్టెయిర్ అనే మిల్లు ఊరునే కట్టించాడు. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బట్టతో కుట్టిన అల్పాకా కోట్లు మన దేశంలో వకీళ్ల, గుమాస్తాల ఒంటిమీదికీ వచ్చాయి. దక్కనీ ఉన్ని అంత మెత్తనిది కాదు, స్వెట్టరుకు పనికిరాదు. అయినా హైదరాబాద్‌లో ‘ఎర్తెన్ ట్యూన్స్’ అనే చిన్న సంస్థ దానితో బూట్లు తయారుచేసింది. తడికీ ఎండకూ ఆగే గుణం బూటుకు కలిసొచ్చింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి, అల్పాకాలనే తెచ్చి రంగారెడ్డిలో ఫారం పెడితే బాగుండునని ముచ్చటపడేవాళ్లు ఉంటారు. టెక్సాస్ ఎండల్లో వాటిని పెంచుతున్న మాట నిజమే. కొట్టాల్లో ఫ్యాన్లు తిప్పుతూ, కడుపు కింద నీళ్లు కొడుతూ కాపాడుకుంటారు. మే నెలలో మనుషులకే కరెంటు కోసం ఎదురుచూపులుండే ఊళ్లో ఆ సరదా జంతువుకు శిక్ష.

దానికన్నా మందకాడికి పోవడం నయం. తెలిసినవాళ్ల ద్వారా ముందే కాపరితో మాట్లాడుకోవాలి. పొద్దున తొమ్మిదీ పదీ దాటితే మంద మేతకు వెళ్లిపోతుంది, దొడ్లో చిన్నపిల్లలే మిగులుతాయి. కాబట్టి ఏడింటికల్లా చేరాలి. లేదంటే సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు, తల్లులు అరుస్తూ వందల్లోంచి తమ పిల్లను వాసనతో పట్టుకునేటప్పుడు వెళ్లాలి. కాపలా కుక్కలున్నచోట పిల్లల చెయ్యి వదలొద్దు, మందలోకి పరుగెత్తనివ్వొద్దు. వేసవిలో మేత కరువై మందలు నెలల తరబడి ఊరు దాటిపోతాయి కనుక వానాకాలం తర్వాతి నెలలు మేలు. రాత్రిపూట పొలంలో మంద పెట్టించినందుకు రైతు కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తాడు, ఎందుకంటే తెల్లారేసరికి చేనుకు ఎరువు దక్కుతుంది. చూసినందుకు ఇవ్వడమూ అలాంటిదే. ఎంతన్నది వెళ్లేముందే అడిగి మాట్లాడుకుంటే ఇద్దరికీ మొహమాటం ఉండదు. గొంగడి కావాలంటే మాత్రం అప్పటికప్పుడు దొరకదు. చెప్పి నేయించుకోవాలి, బయానా ముందే ఇవ్వాలి.