మీకు తెలుసా? ఇళ్లు లేనివాళ్లను లెక్కపెట్టిన ఆ రాత్రి వాళ్లు ఎక్కడ పడుకున్నారు?

పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు, నిలువనీడ లేనివాళ్ల కోసం ఒక వసతి గృహం ఉండాలి. రాత్రిపూట మాత్రమే కాదు, 24 గంటలూ తలుపులు తెరిచే ఉండాలి! 2010లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. 2011 జనాభా పెట్టి లెక్క కట్టండి. కర్నూలుకు నాలుగు, కడపకు మూడు! మీ ఊళ్లో ఎక్కడున్నాయో ఒకసారి అడిగి చూడండి.

అందులో మనిషికి ఎంత చోటివ్వాలో తెలుసా? 50 చదరపు అడుగులు! ఇది కేంద్రం పెట్టిన నిబంధన. ఒక నులక మంచం, ఒక పెట్టె, కాస్త కాళ్లు కదిపే జాగా. అంతే!

పక్కా మిద్దె ఉంటే భయం లేదనుకుంటున్నారా? 2009 అక్టోబరు 2 గురించి కర్నూలువాళ్లను అడగండి! తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చేశాయి. మిద్దెలున్నవాళ్లూ ఆ రాత్రి నిరాశ్రయులే! కర్నూలుకు దిగువన ఉన్న శ్రీశైలం డ్యామును కట్టింది 19 లక్షల క్యూసెక్కుల వరదకు. వచ్చింది 25 లక్షలకు పైనే!

వరద తగ్గాక చాలామంది ఇళ్లకు తిరిగొచ్చారు. అదే శ్రీశైలం కింద మునిగిన ఊళ్లవాళ్లకు ఆ భాగ్యమూ లేదు. 1981 జూన్‌లో ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. దానికి పెట్టిన పేరు 'ఆపరేషన్ డిమాలిషన్'! ఇల్లూ ఊరూ పోయినవాళ్లు లక్ష మందికి పైనే! నిజనిర్ధారణ సంఘం ఒకటి వాళ్ల గోడునంతా నివేదికగా రాసింది.

ఇంకా వెనక్కి పోదాం. 1877, పెద్ద కరువు కాలం. కరువు పనిలో రాళ్లు కొట్టే మగమనిషికి రోజు కూలి ఎంతో తెలుసా? ఒక అణా, ఒక పౌను ధాన్యం. పౌను అంటే దాదాపు 450 గ్రాములు! మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ తిండి లెక్కలు ముందు పెట్టి ప్రభుత్వంతో పోట్లాడాడు. కూలి పెంచక తప్పలేదు! అయినా 1881 నాటికి కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. దగ్గరికి రండి! ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పంట పోతే జనం సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతారు. ఇంటికి తాళం పడుతుంది. బియ్యం మూట, గిన్నెలు, పిల్లలు, అన్నీ లారీలోకి! బడికి పోవాల్సిన పిల్లలు కూడా! గుంటూరు వైపు మిరపచేల దగ్గర ప్లాస్టిక్ పట్టతో గుడారం వేస్తారు. పగలంతా కాయ కోసిన చేతులు రాత్రి ఎన్నిసార్లు కడిగినా మంటే!

ఇళ్లు లేనివాళ్లను జనగణనలో ఎప్పుడు లెక్కపెట్టారో తెలుసా? 2011 ఫిబ్రవరి 28న, దేశమంతా ఒకే రాత్రి! గుడి మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద, సిమెంటు పైపుల్లో పడుకున్నవాళ్లను కూడా వెతికి రాశారు. తేలింది 17.7 లక్షల మంది! కానీ తేదీ చూశారా? మిరపకోతలు ముమ్మరంగా సాగే రోజులు! కోసిగిలో తాళం వేసిన ఇల్లుంది. ఆ రాత్రి నెత్తిన మాత్రం పట్టే! వీళ్లను ఏ గడిలో రాయాలి? ఇల్లున్నవాళ్లనా, లేనివాళ్లనా?

వచ్చే జనగణనలో జనాన్ని లెక్కపెట్టేది 2027 ఫిబ్రవరిలో. మళ్లీ కోతల నెలే! లెక్క రాసేవాళ్లు ఈసారి ఆ చేలగట్ల దాకా పోవాలి!