వీపు కింద ఎన్ని గ్రాములు?

లంబసింగిలో ఒక జనవరి రాత్రి, రెండు కిలోల స్లీపింగ్ బ్యాగులో దూరి కూడా తెల్లవార్లూ వణికాను. పైన వెచ్చగానే ఉంది. చలంతా నడుం కింద నుంచి ఎక్కింది. కింద పరిచింది ఒట్టి టార్పాలిన్ పట్టా.

బ్యాగులో వెచ్చదనం దాచేది దూదో ఈకలో కాదు, వాటి మధ్య చిక్కిన గాలి. పడుకోగానే ఒంటి బరువుకు వీపు కింద భాగం పాత బొంతలా అణిగిపోతుంది, గాలి పోతుంది. ఇక నేల చలిని ఆపాల్సింది మ్యాటే. ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్-వాల్యూ. దాన్ని కొలవడానికి 2018లో ఏఎస్‌టీఎం ప్రమాణం వచ్చాక వేర్వేరు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. థర్మారెస్ట్ మడత ఫోమ్ మ్యాట్ జీ లైట్ సోల్ 410 గ్రాములు, ఆర్ 2. అదే కంపెనీ గాలి మ్యాట్ ఎక్స్‌లైట్ ఎన్‌ఎక్స్‌టీ 370 గ్రాములు, ఆర్ 4.5. బరువు తక్కువ, కాపు రెట్టింపుకు పైనే. కాకపోతే ముల్లు దిగితే ఆ రాత్రికి నేలే గతి. రెండూ ఒకదానిపై ఒకటి వేస్తే విలువలు కలిసి 6.5 అవుతాయి. మన మన్యానికి ఫోమ్ చాలు. 3,800 మీటర్ల కేదార్‌కంఠలో మంచు మీద పడుకోవాలంటే నేను 4కి తగ్గను.

బ్యాగు లేబుల్ మీద మూడు ఉష్ణోగ్రతలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. చివరిది ప్రాణం నిలిచే హద్దు, నిద్ర పట్టేది కాదు. షాపులో ఘనంగా చూపించే మైనస్ అంకె ఏదో అడిగి, కంఫర్ట్ చూసే కొనండి. అన్నట్టు, ఆ అంకెలన్నీ పరీక్ష బొమ్మను మ్యాట్ మీద పడుకోబెట్టి తీసినవే. మ్యాట్ లేకపోతే లేబుల్ చెల్లదు.

బాతు నూగు నింపిన బ్యాగుపై 800 ఫిల్ అని ఉంటే, 28 గ్రాముల నూగు 800 ఘనపు అంగుళాలు, అంటే 13 లీటర్ల చోటంతా ఉబ్బుతుందని. 20 లీటర్ల వాటర్ క్యాన్‌లో దాదాపు మూడింట రెండొంతులు! తడిస్తే మాత్రం ముద్దే. అందుకే చెత్త కవర్‌లో చుట్టి మోస్తాను.

183 సెంటీమీటర్ల ఫోమ్ మ్యాట్‌ను 120 దగ్గర కత్తిరించాను. 140 గ్రాములు తగ్గింది. మోకాళ్ల కిందికి ఖాళీ చేసిన బ్యాక్‌ప్యాకే పరుపు.